గోడలు లేని రేవు

బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే వార్తల్లో ఒక ఊరి పేరు వినిపించి తీరుతుంది. వాయుగుండం కళింగపట్నానికి ఇన్ని కిలోమీటర్ల దూరంలో కేంద్రీకృతమై ఉందని, కళింగపట్నం, భీమునిపట్నం ఓడరేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని చెబుతారు. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను తీరం దాటింది ఈ ఊరి దగ్గరే. శ్రీకాకుళం జిల్లా గార మండలంలో, వంశధార సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ ఊరికి సరుకు ఓడ రావడం మానేసి దశాబ్దాలు దాటింది. హెచ్చరికల జాబితాలో మాత్రం ఇది ఇప్పటికీ రేవే. పండగ సెలవులకు ఇక్కడికి వచ్చినవాళ్లు దీపస్తంభం చూస్తారు, నది మొగ దగ్గర ఇసుకలో నడుస్తారు, ఇంతకీ రేవు ఎక్కడుండేదని అడుగుతారు. గట్టు లేదు, గోదాముల వరస లేదు, ఓడను కట్టడానికి రాతి గుంజ కూడా లేదు. దాంతో కళింగపట్నం రేవు శిథిలమైపోయిందని, లేదా దాని గొప్ప కొంత కల్పితమని అనుకుంటూ వెళ్లిపోతారు. ఈ రెండూ తప్పే. ఈ తీరంలో రేవంటే ఎన్నడూ కట్టడం కాదు. నది మొగ, పడవ, ఆ పడవను అలల మీద నడిపే మనిషి, ఈ మూడూ కలిస్తేనే రేవు. కట్టడం కోసం వెతికితే దాని చరిత్ర చేతికి చిక్కదు.

మన మనసులో ఉన్న కొలబద్ద ఎక్కడిదో ఒకసారి చూసుకోవాలి. చారిత్రక రేవు అనగానే చదువుకున్నవారికి ఇంగ్లండు దక్షిణ తీరంలోని పోర్ట్స్‌మత్ లాంటి ఊరు మెదులుతుంది. అక్కడ 1495లోనే ఏడో హెన్రీ రాజు ఓడల మరమ్మతు కోసం నీళ్లు తోడేసే డాక్ కట్టించాడు. 1545లో యుద్ధంలో మునిగిన మేరీ రోజ్ ఓడను 1982లో సముద్రం అడుగు నుంచి పైకి తీసి అక్కడే భద్రపరిచారు. నెల్సన్ యుద్ధనౌక విక్టరీ 1922 నుంచి అక్కడి డాక్‌లోనే నిలబడి ఉంది. ఆ ఓడను చాథం రేవులో నీటిలోకి దించిన సంవత్సరం 1765. శ్రీకాకుళం సర్కారుతో సహా ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి చెందుతాయని మొగలు పాదుషా ఫర్మానా ఇచ్చింది కూడా అదే ఏడాది. ఒక రాజ్యం తన నౌకాదళం కోసం వందల ఏళ్లు రాయి మీద రాయి పేర్చి డబ్బు పోసిన చోట చూడ్డానికి రాళ్లు మిగులుతాయి. టికెట్ కొనుక్కుని ఆ రాళ్ల మధ్య తిరిగితే చరిత్ర అర్థమైనట్టే ఉంటుంది. కానీ కంపెనీ ఈ తీరం నుంచి వర్తకం చేసుకుందే తప్ప ఇక్కడ అలాంటి డాక్ ఒక్కటీ కట్టలేదు. కట్టవలసిన అవసరం దానికి రాలేదు. ఎందుకు రాలేదన్నదే అసలు సంగతి.

ఎందుకంటే ఆ పని మనుషులు చేసిపెట్టారు. కళింగపట్నం, బారువ, విజయనగరం తీరాన చంపావతి మొగలోని కోనాడ, భీమునిపట్నం, ఇవన్నీ బయటి సముద్రానికి తెరుచుకున్న రేవులు. పెద్ద ఓడ ఒడ్డు దాకా రాలేదు. దూరంగా లోతు నీళ్లలో లంగరు వేసి ఆగేది. ఓడకూ ఒడ్డుకూ మధ్య వరసగా విరిగిపడే కెరటాలు ఉండేవి. మేకులు కొట్టి బిగించిన విదేశీ ఓడ పడవ ఆ కెరటాల్లో దిగి ఇసుకను తాకితే పలకలు చీలిపోయేవి. ఇక్కడి పడవ తీరు వేరు. పలకకు పలక ఆనించి, అంచుల వెంట బెజ్జాలు పెట్టి, సందుల్లో గడ్డి లేదా పీచు కూరి, కొబ్బరి తాడుతో గట్టిగా కుట్టేవారు. లోపల పక్కటెముకల్లాంటి దూలాలు ఉండవు, అడుగు బల్లపరుపు. కెరటం ఎత్తి ఇసుక మీద కొట్టినా ఆ పడవ వంగేది, దెబ్బ మింగేది, విరిగేది కాదు. సరంగు పొడుగాటి తెడ్డు పట్టుకుని వెనక నిలబడి కెరటాలు లెక్కపెట్టేవాడు. ఒకటి విరగగానే దాని వీపు మీద పడవను తోయించి, వెనకది అందుకునేలోపు ఒడ్డున ఉన్నవాళ్లకు తాడు విసిరించేవాడు. పడవను పైకి లాగడానికి ఇంకో గుంపు సిద్ధంగా ఉండేది. పోర్ట్స్‌మత్‌లో రాతిగోడ చేసిన పనిని ఇక్కడ కొబ్బరి తాడు, లెక్క తెలిసిన కన్ను చేశాయి. తాడు కుళ్లిపోతుంది, పలక పొయ్యిలోకి పోతుంది, కన్ను మనిషితోపాటే మూసుకుపోతుంది. అందుకే వెతికేవాడికి ఏమీ కనిపించదు. అయితే మాటలో మిగిలింది. ఈ తీరంలో వేట మీద బతికే పెద్ద కులం పేరు వాడబలిజ. వాడ అంటే ఓడ అనే చెబుతారు, బలిజ అంటే వర్తకుడు. ఈ రోజు చేపలవాళ్లుగానే లోకానికి తెలిసిన ఆ జనం ఒకప్పుడు ఓడ వర్తకంతో ముడిపడి ఉన్నారని ఆ పేరే చెబుతోంది. కులాల పేర్ల మీద అల్లే కథలన్నింటినీ నమ్మనక్కర్లేదు గాని, ఓడ సరుకును ఒడ్డుకు చేర్చే పని ఈ తీరాన ఇరవయ్యో శతాబ్దం దాకా సాగింది కాబట్టి ఈ పేరును కొట్టిపారేయలేం.

ఇసుక ఒడ్డుకు రేవు అని పేరు పెట్టుకుని మురిసిపోతున్నారని ఎవరైనా ఆక్షేపించవచ్చు. జవాబు కోసం ఒడ్డు నుంచి కాస్త లోపలికి, వంశధార వెంట వెళ్లాలి. కళింగపట్నానికి కొద్ది కిలోమీటర్ల ఎగువన నది దక్షిణపు గట్టు మీద శాలిహుండం కొండ ఉంది. 1919లో అక్కడి బౌద్ధ అవశేషాలను గుర్తించి లోకానికి చెప్పినవాడు గిడుగు రామమూర్తి. జనం మాట్లాడే భాష కోసం జీవితమంతా పోరాడిన మనిషి ఈ కొండను కూడా గుర్తుపట్టాడంటే ఆశ్చర్యం లేదు. నలుగురికీ కనిపిస్తూ ఎవరూ లెక్కలోకి తీసుకోనివాటి మీదే ఆయన చూపు. తర్వాతి తవ్వకాల్లో స్తూపాలు, ధాతు కరండాలు, బ్రాహ్మీ అక్షరాలు గీసిన కుండపెంకులు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం మొదలైన ఆ విహారం వెయ్యేళ్లకు పైగా నడిచింది. సముద్రం కనిపించే కొండ మీద, నది మొగకు ఇంత దగ్గరగా, అంతకాలం ఒక విహారాన్ని పోషించాలంటే దాతలు కావాలి, రాకపోకలు కావాలి. ఎగువన అదే నది ఒడ్డున ముఖలింగం ఉంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు ఎక్కువమంది ఒప్పుకుంటారు. మధుకేశ్వరాలయం, భీమేశ్వరం, సోమేశ్వరం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. రాజధాని, విహారం, మొగ ఒకే నదికి గుచ్చిన పూసలు. రేవును మొగ దగ్గర మాత్రమే చూస్తే ఇసుకే కనిపిస్తుంది. నది పొడుగునా చూస్తే దాని అసలు పరిమాణం తెలుస్తుంది.

ఇక్కడ ఒక హద్దు గీసుకోవాలి. ఊరి మీద ప్రేమతో చాలామంది టాలమీని సాక్ష్యానికి పిలుస్తారు. రెండో శతాబ్దపు ఆ భూగోళవేత్త, సువర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచి నడిసముద్రంలోకి తిరిగే చోటు ఒకటుందని, అది పలౌరా అనే ఊరికి దగ్గరని రాశాడు. ఫ్రెంచి పండితుడు సిల్వాఁ లెవీ ఆ పేరులో ద్రావిడ భాషల్లో దంతానికి ఉన్న ‘పల్’ అన్న మాటను చూసి, పలౌరా అంటే దంతపురమే అన్నాడు. ఆ లెక్కన సరుబుజ్జిలి దగ్గరి దంతవక్త్రుని కోట కథలోకి వస్తుంది, దాని వెనకే వంశధార మొగ వస్తుంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ చిలికా సరస్సుకు దక్షిణాన గంజాం తీరంలో పాలూరు అనే ఊరు ఇప్పటికీ ఉంది, పలౌరా అదేనని చెప్పేవారి వాదం బలహీనమైంది కాదు. బుద్ధుని దంతాన్ని దంతపురం నుంచి సింహళానికి తీసుకుపోయిన కథ చెప్పే దాఠావంసం కూడా హేమమాల, దంతకుమారుడు ఓడ ఎక్కింది తామ్రలిప్తిలో అంటుందే తప్ప వంశధార మొగలో అనదు. అనుకూలమైన ముక్క తీసుకుని మిగతాది దాచడం మన తీరానికి మేలు చేయదు. టాలమీ లేకపోయినా శాలిహుండం చాలు. తూర్పు దేశాల్లో భారతీయులకు వచ్చిన క్లింగ్ అన్న పేరు కళింగ నుంచే పుట్టింది. ఆ పేరు ఏ ఒక్క రేవుదీ కాదు, కళింగ తీరమంతటిదీ.

దగ్గరి కాలానికి వస్తే సాక్ష్యం ఇంకా స్పష్టం. డచ్చివారు భీమునిపట్నంలో స్థిరపడి, చనిపోయినవాళ్లను అక్కడే పాతుకుని, 1825లో ఊరిని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లారు. మన పొలాల్లో పండే గోగునార ఆ రేవు పేరుతోనే బిమ్లి జూట్‌గా ప్రపంచ బజారుకు తెలిసింది. ఆవిరి ఓడల కాలంలో ఈ రేవుల నుంచి అన్నిటికన్నా ఎక్కువగా ఎగుమతైంది మనుషులు. పంట పోయిన ఏడు, అప్పు పెరిగిన ఏడు, శ్రీకాకుళం, టెక్కలి, విజయనగరం పల్లెల నుంచి మగవాళ్లు మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని రంగం బయలుదేరేవారు. రంగం అంటే రంగూన్. అక్కడి బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో మూటలు మోసింది ఎక్కువగా తెలుగువాళ్లే. బర్మావాళ్లు మనవాళ్లందరినీ గోదావరి మొగలోని కోరంగి రేవు పేరుతో కోరంగీలు అన్నారు. ఒక రేవు పేరు పరాయి దేశంలో మొత్తం జనానికే పేరైపోయింది. ఈ వలసను సాహసగాథగా చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. బయానా అంటే చాలాసార్లు తీరని బాకీ. 1930 మే నెలలో రంగూన్ రేవులో కూలి పెంచమని తెలుగు కూలీలు సమ్మె కట్టారు. వాళ్ల స్థానంలో బర్మా కూలీలను పెట్టుకుని, సమ్మె తీరగానే ఆ బర్మావాళ్లను పంపించేశారు. అక్కడ రగిలిన అల్లర్లలో వంద మందికి పైగా చచ్చిపోయారు. కళింగపట్నం ఒడ్డున కుట్టు పడవ ఎక్కిన మనిషి దారి అక్కడిదాకా పోయింది. ఈ రేవు చరిత్రలో సగం రంగూన్ నది ఒడ్డున రాసి ఉంది.

అందరూ చెప్పే ఇంకో మాట, రేవు ఇసుక మేట వేసి చచ్చిపోయిందని. ఇసుక మాట అబద్ధం కాదు. ఈ తీరం వెంట కెరటాలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను ఉత్తరానికి నెట్టుకుపోతాయి. నది మొగలు పూడిపోతాయి, జరుగుతాయి. కానీ ఇసుక కొత్తగా వచ్చింది కాదు, రెండువేల ఏళ్లుగా ఉన్నదే. విశాఖపట్నం సంగతి చూడండి. అక్కడా మొగలో ఇసుకే, లోపల బాడవే. ఆ ఇసుకను అడ్డుకోవడానికి జానస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను కావాలని మొగ దగ్గర ముంచి గట్టుగా చేశారు. డ్రెడ్జర్లు పెట్టి తవ్వారు. 1933లో ఆ హార్బరు తెరుచుకుంది. అంత ఖర్చు అక్కడే పెట్టడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ చాటు ఒక కారణమైతే, రాయపూర్ నుంచి విజయనగరానికి 1931 నాటికి పూర్తయిన రైలు మార్గం ఇంకో కారణం. మధ్య పరగణాల మాంగనీసు ఆ దారిన సముద్రానికి దిగాలి. కళింగపట్నానికి రైలు రాలేదు. 1890ల్లో వేసిన తూర్పు తీర మార్గం శ్రీకాకుళం పట్టణాన్నే పక్కన పెట్టి ఆమదాలవలస మీదుగా పోయింది. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన చిన్న బండి మార్గం నౌపడ దగ్గర పెద్ద లైనును కలుసుకుని ఆగిపోయింది, సముద్రం దాకా రాలేదు. పైగా 1936లో ఒరిస్సా ఏర్పడే దాకా ఈ ప్రాంతం గంజాం జిల్లాకు దక్షిణపు కొస. బస్తా ఒకసారి రైలెక్కాక దాన్ని దించి, బండికెత్తి, పడవకెత్తి, మళ్లీ ఓడకెత్తే ఓపిక ఏ వర్తకుడికి ఉంటుంది? తర్వాత 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. రంగం దారి మూసుకుపోవడంతో ఈ రేవులకు మిగిలిన ప్రయాణికులు కూడా పోయారు. కాబట్టి ఈ రేవు చావుకు ఇసుక కన్నా పట్టాలు, లెక్కల పుస్తకాలు, యుద్ధం ఎక్కువ కారణం. ఈ తేడా చిన్నది కాదు. ఇసుకే చంపిందంటే అది విధి. పట్టాలు చంపాయంటే అది ఎవరో కూర్చుని చేసిన నిర్ణయం.

ఇప్పుడు ఈ తీరానికి మళ్లీ ఒక నిర్ణయం వచ్చింది. సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో పెద్ద ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రాతి గట్లు, లోతు బెర్తులు, అన్నీ ఉన్న రేవు. దాన్ని వద్దనే హక్కు వలసపోయే జిల్లాకు బయట ఉన్నవాళ్లెవరికీ లేదు. సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉండి కూడా ఇక్కడి కుర్రాళ్లు వేటకు గుజరాత్ దాకా వెళ్లాల్సి వస్తోంది. కానీ కొత్త రేవు వస్తోంది కదా, పాతదాని ఊసెందుకన్న మాట ఒప్పుకోలేను. భీమిలి దగ్గరి నౌకాదళ స్థావరానికి ఐఎన్‌ఎస్ కళింగ అని పేరు పెట్టారు. విశాఖ బీచిలో కురుసుర జలాంతర్గామిని ఒడ్డెక్కించి 2002 నుంచి జనానికి చూపిస్తున్నారు. ఉక్కుతో చేసినదాన్ని దాచడం మనకు చేతనవుతోంది. తాడుతో కుట్టినదాని మాటేమిటి? ఈ తీరంలో ఇప్పుడు అంతా ఫైబర్ పడవే, దానికి మోటారే. కుట్టు పడవకు బెజ్జం ఎంత దూరంలో పెట్టాలి, తాడు ఎన్ని పేటలుండాలి, సందులో ఏ గడ్డి కూరితే ఉప్పునీటికి ఉబ్బి బిగుసుకుంటుంది, ఇలాంటివి కాగితం మీద కన్నా చేతుల్లోనే ఎక్కువ బతికాయి. కళింగపట్నం దీపస్తంభం పక్కన ఒక కొట్టం వేసి, బారువ నుంచి కోనాడ దాకా వాడబలిజ పేటల్లో ఇంకా గుర్తున్న ముసలివాళ్లను పిలిపించి, కూలి ఇచ్చి, ఒక్క పడవ కుట్టించి, కుడుతుండగా కొలతలు రాసుకోవడం ఒక వేసవిలో అయ్యే పని. తుఫాను కాలం రాకముందే ఆ పడవను వంశధార మొగలో దించి, కెరటం దాటించి చూడాలి.