జీపు వెనుక ఇరుసు

జీపు వెనుక ఇరుసు అనగా ఇంజను నుండి వచ్చే శక్తిని రెండు వెనుక చక్రాలకు పంచుతూ, బండి వెనుక భాగపు బరువును కూడా మోసే యంత్రభాగం. ఉక్కు తొడుగు, దాని లోపల పినియన్, క్రౌన్ చక్రం, డిఫరెన్షియల్, ఇరుపక్కల చక్రాల వరకు సాగే రెండు షాఫ్టులు ఇందులోని ముఖ్యమైన భాగాలు. పాత జీపులను బురదలోను రాళ్ళలోను నడపదలచిన వారు తరచుగా చేయించే మార్పు ఈ ఇరుసుకే. అయితే పట్టు పెంచడం మీద ఉన్నంత శ్రద్ధ, ఆ పెరిగిన బలాన్ని మోయవలసిన షాఫ్టుల మీద చాలామందికి ఉండదు. విరిగేది మాత్రం షాఫ్టే. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ళ, మొయినాబాదు మండలాల నేలను ఉదాహరణగా తీసుకొని ఈ మార్పుల మంచిచెడ్డలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

చేవెళ్ళ, మొయినాబాదు నేలలు

హైదరాబాదు నుండి వికారాబాదు వెళ్ళే దారిలో మొదట మొయినాబాదు, తరువాత చేవెళ్ళ వస్తాయి. మొయినాబాదు వైపు గ్రానైటు రాతి మీద ఏర్పడిన ఎర్రచెలకలు ఎక్కువ. చేవెళ్ళ దాటి పడమరకు పోయేకొద్దీ దక్కను లావా రాతి నుండి ఏర్పడిన నల్లరేగడి కనిపిస్తుంది. ఎర్రచెలకలో వాన వెలిసిన కొద్దిసేపటికే చక్రానికి మళ్ళీ పట్టు దొరుకుతుంది. నల్లరేగడి అలా కాదు. దానిలోని బంకమన్ను నీటిని పీల్చి ఉబ్బుతుంది, టైరు గాడులలో మెత్తి వాటిని పూడ్చివేస్తుంది. గాడులు పూడిన టైరు ఎంత మంచిదైనా నున్నటి టైరుతో సమానమే. జూన్ నుండి సెప్టెంబరు వరకు పొలాల బాటలలో ఒక చక్రం గట్టు మీద, మరొక చక్రం బురద గాడిలో ఉండడం సర్వసాధారణం. పాత జీపు ఓడిపోయేది సరిగా ఇక్కడే.

డిఫరెన్షియల్ పనిచేయు విధానం

ఎడ్లబండికి డిఫరెన్షియల్ అవసరం లేదు. దాని ఇరుసు తిరగదు. చక్రాలే ఇరుసు మీద దేనికది తిరుగుతాయి, శక్తి ఎడ్ల మెడ నుండి వస్తుంది. మోటారు బండిలో శక్తి చక్రం ద్వారానే నేలకు చేరాలి కాబట్టి చిక్కు వచ్చినది. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడుస్తుంది. సీజే-3బి జీపు వెనుక చక్రాల నడుమ దూరం సుమారు 1.23 మీటర్లు. అది ఒక పూర్తి వలయం తిరిగితే బయటి చక్రం లోపలి చక్రం కంటే సుమారు 7.7 మీటర్లు ఎక్కువ దొర్లవలెను. రెండూ ఒకే కడ్డీకి బిగించి ఉంటే ఏదో ఒకటి నేల మీద ఈడ్చుకొని పోవాలి. ఈ చిక్కును తీర్చే పళ్ళచక్రాల అమరికకు ఫ్రాన్సు దేశపు గడియారాల నిపుణుడు ఒనెసిఫోర్ పెక్యూర్ 1820ల చివర పేటెంటు పొందాడు.

సాధారణ డిఫరెన్షియల్ రెండు చక్రాల వేగాలను వేరు కానిస్తుంది కాని, మెలిబలాన్ని, అనగా తిప్పే బలాన్ని, రెండింటికీ సమానంగానే ఇస్తుంది. విద్యార్థులు పొరబడేది ఇక్కడే. "శక్తి అంతా జారే చక్రానికి పోతుంది" అని వాడుకలో అంటారు. నిజానికి జారే చక్రం ఎంత తక్కువ బలాన్ని నిలువరించగలదో, గట్టి నేల మీది చక్రానికి కూడా అంతే అందుతుంది. ఒక ఉదాహరణ చూడండి. బురదలోని ఎడమ చక్రం 200 న్యూటన్ మీటర్ల వద్ద జారుతుందనుకొందాం. గట్టు మీది కుడి చక్రం 1,400 వరకు జారదనుకొందాం. సాధారణ డిఫరెన్షియల్‌తో కుడి చక్రానికి వచ్చేది 200 మాత్రమే, మొత్తం 400. రెండు షాఫ్టులను ఒకటిగా బంధిస్తే మొత్తం 1,600 అవుతుంది. అదే సమయంలో కుడి షాఫ్టు మోయవలసినది 200 నుండి 1,400కు, అంటే ఏడు రెట్లకు పెరిగినది. ఈ రెండవ అంకెను మరువరాదు.

చేవెళ్ళ రైతులకు ఇది కొత్త విషయం కాదు. ట్రాక్టరులో మడమ దగ్గర ఉండే డిఫరెన్షియల్ లాక్ పెడలు చేసేది ఈ బంధమే. దిగబడినపుడు తొక్కాలి, తిన్నగా పోతున్నపుడే తొక్కాలి, మలుపులో వదలాలి అన్న నియమం జీపుకు కూడా అక్షరాలా వర్తిస్తుంది. అయితే ట్రాక్టరు షాఫ్టులు ఆ బరువు కోసమే తయారైనవి. జీపు షాఫ్టులు అలా కావు.

భారతదేశపు జీపులలో వెనుక ఇరుసు

1945లో లూథియానాలో మొదలై 1948లో పేరు మార్చుకొన్న మహీంద్రా అండ్ మహీంద్రా సంస్థ, 1940ల చివర విల్లిస్ జీపులను దేశంలో కూర్చడం ఆరంభించినది. అమెరికాలో 1953 నుండి 1968 వరకు తయారైన సీజే-3బి నమూనా, ఇక్కడ ఆ తరువాత కూడా పలు పేర్లతో దశాబ్దాల పాటు కొనసాగినది. పోలీసు, అటవీ, రెవెన్యూ శాఖలలోను, పల్లెలకు ప్రయాణికులను చేరవేయడంలోను పనిచేసిన ఈ జీపులే నేడు పాతబండ్ల ప్రియుల చేతికి వస్తున్నవి.

యుద్ధకాలపు విల్లిస్ ఎంబీ జీపుకు పూర్తిగా తేలే రకం వెనుక ఇరుసు ఉండేది. ఈ రకంలో బండి బరువును తొడుగు మోస్తుంది, షాఫ్టు చక్రాన్ని తిప్పడానికే పరిమితం. షాఫ్టు విరిగినా చక్రం తన చోటనే ఉంటుంది. యుద్ధానంతరపు సీజే జీపులలో దీని స్థానంలో సగం తేలే రకం వచ్చినది. సీజే-3బిలో ఉన్న డానా 44 ఇరుసు ఈ కోవలోనిదే. దీనిలో షాఫ్టు చివర శంకువు ఆకారంలో సన్నబడుతుంది. హబ్బును దానిపై ఎక్కించి, నడుమ ఒక చిన్న చావిని పెట్టి, నట్టుతో బిగిస్తారు. ఈ నట్టును కనీసం 150 ఫుట్ పౌండ్లు, అనగా సుమారు 200 న్యూటన్ మీటర్ల బలంతో బిగించాలి. నట్టు వదులైతే చావి కోసుకుపోతుంది. షాఫ్టు బేరింగు వెలుపల విరిగితే చక్రం బండిని వదలి తన దారిన పోతుంది. ఇంజను కొత్తదైనా, రంగు కొత్తదైనా, జీపులో అన్నింటికంటె ముందుగా అనుమానించవలసినది ఈ శంకువునే.

ఈ ఇరుసులో డిఫరెన్షియల్ సరిగా మధ్యన ఉండక ఒక పక్కకు జరిగి ఉంటుంది. అందువలన రెండు షాఫ్టుల పొడవు సమానం కాదు. తొలినాటి షాఫ్టులకు 10 స్ప్లైన్లు, తరువాతి వాటికి 19 ఉంటాయి. పాత సామాను కొనేవారు పొడవు, స్ప్లైన్ల సంఖ్య రెండూ లెక్కపెట్టి చూసుకోవలెను.

పట్టు పెంచు పద్ధతులు

ఇరుసును విప్పక ముందే చేయదగినది ఒకటి ఉన్నది. టైరులోని గాలి తగ్గిస్తే నేలను తాకే భాగం పెరుగుతుంది. ఖర్చు లేదు. తారురోడ్డు ఎక్కే ముందు గాలి తిరిగి నింపుకోవాలి, అంతే. దానితోను లాభం లేనపుడు డిఫరెన్షియల్ సంగతి ఆలోచించాలి.

అన్నింటిలోను చవకైనది లోపలి పళ్ళచక్రాలను వెల్డింగుతో అతికించివేయడం. బురదలో ఇది బాగానే పనిచేస్తుంది. కాని అతికినది మళ్ళీ ఊడదు. చేవెళ్ళ పొలంలో దిగే జీపు అక్కడికి తారురోడ్డు మీదనే రావాలి, మలుపులు తిరగాలి. ప్రతి మలుపులోను టైర్లు ఈడ్చబడతాయి, షాఫ్టులు మెలితిరుగుతాయి, తడిరోడ్డు మీద బండి వెనుక భాగం పక్కకు జారుతుంది. శంకువు షాఫ్టులు గల జీపుకు, అదీ రోడ్డు మీద నడిచేదానికి, ఈ పద్ధతి తగదు.

పరిమిత జారుడు డిఫరెన్షియల్‌లో క్లచ్చి పలకల ఒరిపిడి వలన రెండు పక్కల మధ్య కొంత బంధం ఏర్పడుతుంది. 1956లో ప్యాకార్డ్ కార్లలో డానా వారి ఇటువంటి అమరిక వచ్చినది. ఇది రోడ్డు మీద మెత్తగా ఉంటుంది, పాక్షికంగా సహాయపడుతుంది. ఒక చక్రం పూర్తిగా గాలిలోకి లేచినపుడు మాత్రం దీని శక్తి చాలదు. జీపు కమాను పట్టాలు బిరుసైనవి కావడం చేత ఎగుడుదిగుడు రాళ్ళ మీద చక్రం లేవడం తరచుగా జరిగేదే. పైగా పలకలు అరిగిపోయే వస్తువులు.

తనంతట తానే బంధించుకొనే లాకర్లు మరొక తెగ. ఈటన్ సంస్థ యాంత్రిక లాకరు, రెండు చక్రాల వేగాల తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు కాగానే బిగుసుకొంటుంది, వేగం పెరిగినపుడు బిగియదు. 2015లో మార్పులు చేసిన మహీంద్రా థార్‌కు వెనుక ఇరుసులో ఈ లాకరు ఇవ్వబడినది. గాలి ఒత్తిడితోనో, తీగతోనో, విద్యుత్తుతోనో డ్రైవరు కోరినపుడే బిగిసేవి ఇంకొక తెగ. ఆస్ట్రేలియాకు చెందిన ఏఆర్‌బీ సంస్థ గాలి లాకరు వీటిలో ప్రసిద్ధమైనది. ట్రాక్టరు పెడలుకు దగ్గరి చుట్టం ఇదే. నేల ఒక్కొక్క ఫర్లాంగుకు మారిపోయే ఈ ప్రాంతానికి కోరినపుడు బిగిసేదే అన్నింటిలోకి మేలు. ఖరీదు మాత్రం ఎక్కువ.

ఏది పెట్టినా దానికి ముందు షాఫ్టుల పని జరగాలి. హబ్బు, షాఫ్టు ఒకే ముద్దగా చేసిన ఏకఖండ షాఫ్టులు వేయించడం ఒక మార్గం. ఇంకా బలమైనది కావాలంటే పూర్తిగా తేలే రకానికి మార్పించుకోవడం, అంటే ఒక విధంగా 1940ల నాటి ఎంబీ పద్ధతికి తిరిగిపోవడమే. డబ్బు ఒకదానికే ఉన్నపుడు షాఫ్టులు మార్చి లాకరును మరుసటి ఏటికి వాయిదా వేయవచ్చు. లాకరు పెట్టి షాఫ్టులను వాయిదా వేయరాదు.

గేరు నిష్పత్తి

సీజే-3బి ఇరుసు నిష్పత్తి 5.38. అనగా పినియన్‌కు 8 పళ్ళు, క్రౌన్ చక్రానికి 43. మూడు గేర్ల పెట్టెలో మొదటి గేరు 2.798, ట్రాన్స్‌ఫర్ పెట్టెలో తక్కువ గేరు 2.46. మూడింటిని గుణిస్తే సుమారు 37 వస్తుంది. ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందన్నమాట. 155 న్యూటన్ మీటర్ల హరికేన్ ఇంజను బలం, నష్టాలు తీసివేయకుండా, చక్రాల వద్ద 5,700 దాటుతుంది. సాధారణంగా అంత బలం షాఫ్టుకు చేరకముందే టైరు జారి కాపాడుతుంది. రెండు రాళ్ళ నడుమ చక్రం ఇరుక్కొన్నపుడు ఆ కాపుదల ఉండదు.

పెద్ద టైర్లు వేసేవారు ఈ నిష్పత్తిని తెలియకుండానే మార్చివేస్తారు. మూలపు టైరు వ్యాసం సుమారు 28 అంగుళాలు. 31 అంగుళాల టైరు వేస్తే 5.38 కాస్తా 4.86తో సమానమవుతుంది. బండి బరువెక్కినట్లు అనిపించడానికి కారణం ఇదే. వెనుక ఇరుసు నిష్పత్తిని మార్చితే ముందు ఇరుసును కూడా అదే నిష్పత్తికి మార్చాలి. నాలుగు చక్రాల నడకలో ముందు వెనుక ప్రొపెల్లర్ షాఫ్టులు ఒకే వేగంతో తిరుగుతాయి. నిష్పత్తులు వేరైతే గట్టి నేల మీద ట్రాన్స్‌ఫర్ పెట్టె పళ్ళు దెబ్బతింటాయి.

విప్పుట, బిగించుట, కందెన

వెనుక మూత తీయగానే నూనెను పరిశీలించాలి. పాల రంగులో ఉంటే నీరు చేరినదని అర్థం. తొడుగు మీద గాలి పోవడానికి ఒక చిన్న రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోయినపుడు, వేడెక్కిన ఇరుసు వాగునీటిలో ఒక్కసారిగా చల్లబడి, ఆయిల్ సీళ్ళ గుండా నీటిని లోపలికి పీల్చుకొంటుంది. ఆ రంధ్రానికి ఒక రబ్బరు గొట్టం తగిలించి ఎత్తుకు కట్టడం ఎంతో చిన్న పని. ఎందుచేతనో చాలా జీపులలో అది జరగదు.

హబ్బును సుత్తితో కొట్టి తీయరాదు, పుల్లరుతోనే తీయాలి. కొత్త డిఫరెన్షియల్ పెట్టినపుడు పినియన్, క్రౌన్ పళ్ళ మధ్య సందు 0.10 నుండి 0.23 మిల్లీమీటర్ల లోపున ఉండేటట్లు పలుచని షిమ్ములతో సరిచేస్తారు. పళ్ళకు రంగు పూసి తిప్పి, రంగు అచ్చు పంటి నడుమ పడుతున్నదో లేదో చూస్తారు. ఇది అనుభవమున్న మేస్త్రీ చేయవలసిన పని. సందు తప్పితే మొదట రొద, తరువాత పళ్ళు ఊడడం.

కందెన సంగతి సుమతీ శతకం చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. డానా 44కు సుమారు 1.2 లీటర్ల 90 నంబరు గేరు నూనె పడుతుంది. క్లచ్చి పలకలు గల డిఫరెన్షియల్ అయితే దానికై చెప్పిన మిశ్రమం కూడా కలపాలి. లేనిచో మలుపులలో పలకలు కటకటలాడతాయి.

నడపదగని చోట్లు

మొయినాబాదు పరిసరాలలో బండి దిగగలిగినంత మాత్రాన దింపదగని చోట్లు ఉన్నవి. మూసీ నదిపై 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్, ఈసీ నదిపై 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ మంచినీటి జలాశయాలు. ఇరుసు సీళ్ళ నుండి కారే నూనె ఆ నీటిలో కలుస్తుంది. చిలుకూరులోని మృగవని జాతీయ వనం వన్యప్రాణుల రక్షిత ప్రదేశం. పంట చేలలో బంధించిన ఇరుసుతో తిప్పిన జీపు చేసే గాడులు తరువాతి దుక్కి వరకు మానవు.

చట్టం

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించినది. టైర్ల కొలత, బండి ఎత్తు మారే పనులు చేయించదలచినవారు ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవాలి.

2021లో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు వేరు నియమాలు చేసినది. తొలి రిజిస్ట్రేషను నుండి 50 ఏళ్ళు దాటి, మూలరూపంలో ఉన్న బండ్లకు 'వీఏ' అక్షరాలు గల ప్రత్యేక సంఖ్య లభిస్తుంది. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు. చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు జరిగిన బండ్లకు ఈ గుర్తింపు లేదు. ఇరుసు పేరు ఈ నియమంలో విడిగా లేకపోయినా, తొడుగు కోసి మార్చిన బండిని మూలరూపమని చూపడం కష్టం. ఆ గుర్తింపు కోరేవారు పాత షాఫ్టులను, హబ్బులను, డిఫరెన్షియల్‌ను నూనె పూసి భద్రపరచుకోవాలి. తొడుగును కోయకుండా చేసిన మార్పు అయితే వాటిని తిరిగి బిగించుకోవచ్చు.