ప్రాసమైత్రి: ఒక్క అక్షరము, పోతన భాగవతము

తెలుగు నేలపై భక్తికి పర్యాయపదంగా నిలిచిన గ్రంథం పోతన భాగవతము. అక్షరజ్ఞానం లేనివారు సైతం అందులోని పద్యాలను కంఠస్థం చేసి, సంధ్యావేళ దీపం ముందు పఠించిన సంప్రదాయం మనది. అటువంటి మహాగ్రంథాన్ని కొందరు లాక్షణికులు చాలాకాలం ప్రమాణగ్రంథంగా స్వీకరించలేదు. వారు చూపిన కారణం భావదోషం కాదు, రసభంగం కాదు. ‘ర’కారానికి ‘ఱ’కారానికి ప్రాస కలిసినదన్న అభ్యంతరం మాత్రమే. శబ్దాల సామీప్యం ఎంతవరకు మైత్రి, ఎక్కడినుండి దోషం అన్న ప్రశ్నకు మన సాహిత్యచరిత్రలో ఇంతకంటె గంభీరమైన ఉదాహరణ అరుదు.

యతి, ప్రాస: రెండు నియమాలు, రెండు స్వభావాలు

సంస్కృత ఛందస్సులో యతి అనగా విరామం. తెలుగులో అది అక్షరసంవాదంగా పరిణమించింది. పాదం యొక్క మొదటి అక్షరానికి ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వది, శార్దూలవిక్రీడితంలో 13వది, మత్తేభవిక్రీడితంలో 14వది మైత్రి వహించాలి. ఇక్కడ శాస్త్రం విశాలహృదయం చూపింది. క, ఖ, గ, ఘలు పరస్పరం మిత్రులు. చ, ఛ, జ, ఝలతో శ, ష, సలు కూడ చేరుతాయి. అకారంతో యకార హకారాలకు సైతం చెలిమి ఉన్నది.

ప్రాస విషయంలో ఈ ఔదార్యం లేదు. ప్రతి పాదంలోను రెండవ అక్షరపు హల్లు ఒకటే కావాలి. అది సంయుక్తమైతే అన్ని పాదాలలో అదే సంయుక్తం రావాలి. దానికి ముందు పూర్ణబిందువు ఉంటే అంతటా ఉండాలి. అయినను ఇక్కడ కూడ పూర్వులు కొన్ని ద్వారాలు తెరచి ఉంచారు. ‘కథ’, ‘సుధ’ వంటి పదాలలోని థకార ధకారాల కలయికను స్వవర్గజప్రాస అన్నారు. ‘వేళ’, ‘మేల’ వంటి చోట్ల లకార ళకారాల కలయికను అభేదప్రాస అన్నారు. తమిళంలో ప్రాసస్థానీయమైన ఎదుగైలో కూడ, ఒకే వర్గానికి చెందిన హల్లులు కలియడాన్ని ‘ఇన ఎదుగై’ అని అంగీకరించారు.

మైత్రికి మూలం శిక్షాశాస్త్రము

ఈ మైత్రి కవుల సౌకర్యం కోసం కల్పించిన మినహాయింపు కాదు. దాని మూలం వేదాంగమైన శిక్షలోను, వ్యాకరణంలోను ఉన్నది. ఏ వర్ణాలకు ఉచ్చారణస్థానం, ఆభ్యంతరప్రయత్నం సమానమో అవి సవర్ణాలని పాణిని నిర్వచించాడు. కంఠ్యాలు కంఠ్యాలతోను, దంత్యాలు దంత్యాలతోను చెలిమి చేయడానికి ఆధారం ఇదే.

అలంకారశాస్త్రం ఈ సూక్ష్మాన్ని మరింత ముందుకు నడిపింది. దండి తన కావ్యాదర్శంలో వైదర్భమార్గాన్ని వర్ణిస్తూ, అదే అక్షరం మరల మరల వచ్చే అనుప్రాసకంటె, సమానశ్రుతి గల భిన్నాక్షరాల సన్నిధియే వైదర్భులకు ఎక్కువ ఇష్టమన్నాడు. విశ్వనాథకవిరాజు సాహిత్యదర్పణంలో దీనికే శ్రుత్యనుప్రాస అని లక్షణం చెప్పాడు. అనగా సమీపధ్వని పూర్ణధ్వనికి లోటుగా మిగిలినది కాదు. అది స్వతంత్రమైన ఒక సౌందర్యం.

శకటరేఫ సమస్య

ఇప్పుడు భాగవతం వద్దకు వద్దాం. ప్రాచీన తెలుగులో ర, ఱలు వేర్వేరు ధ్వనులు. మొదటిది సాధురేఫ, రెండవది శకటరేఫ. వాడుకలో ‘బండి ఱ’. సంస్కృతపదాలలో శకటరేఫ ఉండదు, అది దేశ్యశబ్దాల సొత్తు. కాబట్టి ‘హరి’, ‘కరి’ అన్నవి సాధురేఫతోను, ‘తఱి’, ‘మఱి’, ‘ఎఱుక’ అన్నవి శకటరేఫతోను ఉంటాయి. నియమాన్ని తు.చ. తప్పక పాటిస్తే ఒకే పద్యంలో ‘హరి’కి ‘ఎఱుక’తో ప్రాస కుదరదు. భగవన్నామానికి జ్ఞానవాచకమైన అచ్చతెలుగు పదంతో ప్రాసబంధం నిషిద్ధమన్నమాట! ప్రతి ఘట్టంలోను హరినామం ధ్వనించవలసిన గ్రంథం రచించే కవికి ఈ నియమం ఎంతటి కట్టుబాటో ఊహించవచ్చు.

నన్నయనాటి కవులకు ఈ భేదం చెవికి వినిపించే భేదం. కాని కాలక్రమంలో తెలుగువారి నాలుకపై రెండు రేఫలు ఒకటైపోయినవి. 17వ శతాబ్దంలో వెలసిన అప్పకవీయము వంటి లక్షణగ్రంథాలు ఏ పదంలో ఏ రేఫ ఉన్నదో పట్టికలుగా బోధించవలసి వచ్చింది. చెవి స్వయంగా చెప్పగలిగినంత కాలం పట్టికతో పనిలేదు. పట్టిక పుట్టినదంటే, భేదం శ్రవణం నుండి తొలగి స్మరణకు మారినదని అర్థం.

తిమ్మకవి సమాధానము

18వ శతాబ్దంలో కూచిమంచి తిమ్మకవి తన సర్వలక్షణసారసంగ్రహంలో పోతన పక్షం వహించాడు. భాగవతమంతా పోతన రచన కాదు. పంచమస్కంధం గంగన, షష్ఠస్కంధం ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశస్కంధాలు వెలిగందల నారయ రచించారు. రేఫసాంకర్యం ఇతరులు పూరించిన భాగాలలోనిదే కాని పోతనది కాదని తిమ్మకవి వాదం.

ఇందులో గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. ఆక్షేపించినవారు, సమర్థించినవారు కూడ నియమాన్ని ప్రశ్నించలేదు. ‘ర, ఱలు మిత్రాలే’ అని తిమ్మకవి అనలేదు. ‘పోతన వాటిని కలపలేదు’ అన్నాడు. ఆ సమర్థనలో పోతన నిర్దోషి అయ్యాడు కాని, గంగన, సింగన, నారయలు దోషులుగానే మిగిలారు. వారు వ్రాసిన స్కంధాలను భక్తితో పఠించే మనకు ఈ తీర్పు సంపూర్ణమని తోచదు. వారు తమ కాలపు చెవితో విన్నదానిని వ్రాశారు. పూర్వకాలపు చెవికి సమీపప్రాస అయినది వారి చెవికి పూర్ణప్రాస. నేడు ఱకారం పాఠ్యపుస్తకాల నుండి సైతం దాదాపు తొలగినది. వివాదాస్పదమైన పద్యాన్ని ఏ భక్తుడు విన్నా ప్రాస తప్పినదని శంకించడు.

గేయమార్గము

భక్తికవులు ఈ సమస్యను మరొక దిక్కు నుండి కూడ ఎదుర్కొన్నారు. వీరశైవభక్తుల చరిత్రను సామాన్యులకు అందించదలచిన పాల్కురికి సోమనాథుడు ద్విపదను చేపట్టి, ప్రాసనియమాన్ని అవసరమైన చోట సడలించి, దేశిపద్ధతికి ప్రాధాన్యం ఇచ్చాడు. ప్రాసలేని ద్విపదకు మంజరీద్విపద అని పేరు. తాళ్లపాక అన్నమాచార్యులు శృంగారమంజరిని అందులోనే రచించారు. మరోవైపు ముత్తుస్వామి దీక్షితులు, సంస్కృతఛందస్సు కోరకపోయినను, తన సంస్కృతకృతులలో ద్వితీయాక్షరప్రాసను నిష్ఠతో పాటించారు. ఒకరు నియమాన్ని వదలినా, మరొకరు అదనంగా ధరించినా, ఇద్దరి దృష్టి గానంలో శ్రోత హృదయానికి అందే నాదంపైనే.

సాధకులకు

నేడు భజనగీతాలు రచించే భక్తులు అనేకులు. పూర్ణప్రాస కోసం అర్థం లేని పదాన్ని చేర్చడం, భగవద్గుణాన్ని చెప్పవలసిన చోట కేవలం శబ్దపూరణ చేయడం తరచు కనిపిస్తున్నది. ప్రాచీనకీర్తనలను ముద్రించేవారు సైతం మైత్రి నెరుగక, ప్రాస తప్పినదని భ్రమించి పాఠాన్ని దిద్దే ప్రమాదం ఉన్నది. ఒక పాఠం చెడితే దానితో ఒక భక్తుని భావం శాశ్వతంగా మరుగునపడుతుంది.

పూర్వులు ఈ సంబంధానికి ‘ఐక్యం’ అని కాక ‘మైత్రి’ అని పేరు పెట్టారు. మిత్రులు ఇద్దరుగానే ఉంటారు. ఒకరి స్వరూపం మరొకరిలో లయించదు. అయినను ఒకరి పిలుపుకు మరొకరు పలుకుతారు. ప్రాసలో మనం వినవలసినది ఆ పలుకునే. అక్షరం సమీపంలో ఉండి అర్థం యథాస్థానంలో నిలిస్తే, ఆ పద్యం పఠనయోగ్యం, ఆ పాట కీర్తనయోగ్యం.

స్వస్తి.