డ్రెయిన్ బోల్టు మర పోవడం (పాత కార్లు)

కారు ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ చాంబర్‌లోంచి పాత ఆయిల్ దించడానికి అమర్చిన బోల్టును డ్రెయిన్ బోల్టు లేదా డ్రెయిన్ ప్లగ్ అంటారు. దాని మరలు గానీ, అది దిగే రంధ్రంలోని మరలు గానీ తెగిపోయి బోల్టు బిగుసుకోకుండా ఊరికే తిరుగుతుంటే మెకానిక్కులు ‘మర పోయింది’, ‘థ్రెడ్ పోయింది’ అంటారు. ఎన్నోసార్లు ఆయిల్ మార్చిన పాత కార్లలో, ముఖ్యంగా అల్యూమినియం చాంబర్ ఉన్నవాటిలో, ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. బోల్టు చవక, చాంబర్ ఖరీదు. అందుకే మరమ్మతులో మొదట చూసేది చాంబర్‌ను ఎలా కాపాడుకోవాలన్నదే.

నిర్మాణం

చాంబర్లు రెండు రకాలు. రేకును అచ్చులో నొక్కి చేసిన ఉక్కు చాంబర్‌లో, రంధ్రం దగ్గర మందమైన నట్టును వెల్డింగ్ చేసి ఉంచుతారు. పోతపోసిన అల్యూమినియం చాంబర్‌లో ఆ లోహంలోనే మరలు కోస్తారు. ఉక్కు బోల్టు, అల్యూమినియం మర జోడీలో ముందు తెగేది మెత్తనిదైన అల్యూమినియమే.

చిన్న కార్లలో 14 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. మర దూరం ఉన్న బోల్టు సర్వసాధారణం. 12 మి.మీ. బోల్టు వాడే కంపెనీలూ ఉన్నాయి. 1958 నుంచి 2014 వరకు తయారైన అంబాసిడర్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద రూపొందింది. ఆ తరం బ్రిటిష్ ఇంజన్లలో అంగుళాల కొలత మరలు ఎదురవుతాయి. మెట్రిక్ బోల్టు అలాంటి రంధ్రంలో రెండు చుట్లు పట్టినట్టే అనిపించి, ఆ తర్వాత మరలను కోసేస్తుంది.

బోల్టు తలకూ చాంబర్‌కూ మధ్య రాగి, అల్యూమినియం లేదా ఫైబర్ వాషర్ ఉంటుంది. ఆయిల్ కారకుండా ఆపేది ఈ వాషరే. మరల పని వాషర్‌ను నొక్కి పట్టి ఉంచడం వరకే.

కారణాలు

మర పోవడానికి ప్రధాన కారణం అతి బిగింపు. దానికి మూలం చాలాసార్లు పాత వాషరే. ఒకసారి నలిగి గట్టిపడిన వాషర్‌ను మళ్లీ వేస్తే చుక్క చుక్కగా ఆయిల్ కారుతుంది. బోల్టు వదులైందనుకుని ఇంకో పట్టు బిగిస్తారు. కారడం కొన్నాళ్లు ఆగుతుంది, మర మాత్రం సాగుతుంది. తర్వాతి సర్వీసులోనూ అదే జరిగితే ఏదో ఒక రోజు మర మొత్తం ఊడివస్తుంది.

14 మి.మీ. బోల్టుకు సాధారణంగా 30 నుంచి 40 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. 20 సెం.మీ. పొడవున్న పానా చివర సుమారు 18 కిలోల బరువుతో నొక్కితే 35 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఆ పానాకు గొట్టం తొడిగి 60 సెం.మీ. చేసి అంతే బలంతో లాగితే బిగింపు మూడింతలై 100 దాటుతుంది. లాగే చేతికి ఆ తేడా తెలియదు.

రెండో కారణం అడ్డంగా ఎక్కించడం. మొదటి చుట్లు వేళ్లతో తిప్పకుండా నేరుగా పానా వేస్తే వంకరగా దిగిన బోల్టు కొత్త దారి కోసుకుంటుంది. ఎయిర్ గన్‌తో బిగించడం, మరల్లో ఇసుక రేణువులు ఉండగానే ఎక్కించడం, గుంతల రోడ్ల మీద, ఎత్తయిన స్పీడ్ బ్రేకర్ల మీద చాంబర్ అడుగు తగిలి రంధ్రం అంచు వంగడం మిగతా కారణాలు.

గుర్తింపు

బిగించేకొద్దీ పట్టు పెరగకుండా బోల్టు ఒకే తీరుగా తిరుగుతుంటే మర పోయినట్టే. విప్పినప్పుడు బోల్టుకు తీగలా చుట్టుకుని తెల్లని అల్యూమినియం పొట్టు వస్తే దెబ్బతిన్నది చాంబర్ మర. బోల్టు మరలే చదునైపోయి రంధ్రం శుభ్రంగా ఉంటే కొత్త బోల్టు, కొత్త వాషర్ సరిపోతాయి. బోల్టు తల మూలలు అరిగి పానా జారడం వేరే లోపం. దానికి ఆరు మూలల సాకెట్‌ను సుత్తితో దిగగొట్టి గానీ, తల మీద వేరే నట్టు వెల్డింగ్ చేసి గానీ విప్పుతారు.

ముందు చక్రాలతో నడిచే కార్లలో గేర్‌బాక్స్ డ్రెయిన్ బోల్టు కూడా ఇంజన్ పక్కనే ఉంటుంది. ఏది ఏదో చూసుకోకుండా పట్టు వేస్తే బాగున్న మర కూడా పాడవుతుంది.

మరమ్మతు పద్ధతులు

లోహాన్ని తక్కువగా కోసే పద్ధతితో మొదలుపెట్టి, అవసరమైతేనే తర్వాతి దానికి వెళ్లడం మంచి పనివాళ్ల తీరు.

పై నుంచి ఆయిల్ తీయడం: బోల్టు మర అనుమానంగా ఉన్నా ప్రస్తుతానికి కారడం లేదంటే దాన్ని కదపకుండా వదిలేయవచ్చు. డిప్‌స్టిక్ గొట్టంలోంచి సన్నని పైపు దించి చేతిపంపుతో పాత ఆయిల్ లాగేస్తారు. అడుగున కొద్దిగా మడ్డి మిగిలినా కారు నడుస్తుంది.

ట్యాప్‌తో శుభ్రం చేయడం: మొదటి మరలు మాత్రమే నలిగి లోపలివి నిలిచి ఉంటే మరలు కోసే పనిముట్టయిన ట్యాప్‌ను అదే కొలతలో తీసుకుని, గ్రీజు పూసి నెమ్మదిగా తిప్పి దారి సరిచేస్తారు.

పెద్ద సైజు బోల్టు: తన మరను తానే కోసుకుంటూ దిగే ఓవర్‌సైజ్ బోల్టులు దొరుకుతాయి. పని త్వరగా అవుతుంది, ఉక్కు చాంబర్‌కు బాగా నప్పుతుంది. అల్యూమినియంలో వంకరగా దిగితే రంధ్రం చుట్టూ పగులు వస్తుంది. ప్రతి సర్వీసుకూ విప్పి బిగిస్తే ఆ మర కూడా త్వరగా పోతుంది.

మర పెంచి కోయడం: రంధ్రాన్ని 14.5 మి.మీ. బిట్‌తో తొలిచి 16×1.5 ట్యాప్ వేసి, ఆ కొలత బోల్టు బిగిస్తారు. రంధ్రం చుట్టూ తగినంత లోహం ఉంటేనే ఇది కుదురుతుంది.

హెలికాయిల్, బుష్: పెంచి కోసిన మరలోకి స్టెయిన్‌లెస్ స్టీల్ తీగచుట్టను ఎక్కిస్తే పాత కొలత బోల్టే మళ్లీ పడుతుంది. లేత్ మీద తీసిన మర బుష్ ఇంతకంటే గట్టిది. చుట్ట గానీ బుష్ గానీ రంధ్రం అంచు కంటే పైకి పొడుచుకు వస్తే వాషర్ సమంగా కూర్చోదు, ఆయిల్ కారుతూనే ఉంటుంది. అల్యూమినియం చాంబర్‌కు ఎక్కువ కాలం నిలిచే మరమ్మతు ఇదే.

వెల్డింగ్ లేదా చాంబర్ మార్పు: ఉక్కు చాంబర్‌ను ఇంజన్ నుంచి విప్పి, జిడ్డంతా కడిగాక కొత్త నట్టు వెల్డింగ్ చేయవచ్చు. కారుకు ఉండగానే వెల్డింగ్ చేస్తే లోపలి ఆయిల్ ఆవిరి అంటుకునే ప్రమాదం ఉంది. అల్యూమినియం చాంబర్ పగిలితే కొత్తది, లేదా తుక్కు బండిలోంచి తీసిన మంచిది వేయడమే మేలు.

రంధ్రం కోసే పనులన్నిటిలో లోహపు పొట్టు ఇంజన్ లోపలికి పోయే ముప్పు ఉంది. ఆయిల్ చాంబర్ నుంచి ముందు జాలీ గుండా పంపులోకి, ఆ తర్వాతే ఫిల్టర్‌లోకి వెళుతుంది. జాలీ ఆపలేని సన్నని పొట్టు ఫిల్టర్ చేరేలోపే పంపును గీరుతుంది. అందుకే చాంబర్ విప్పి పని చేయడం ఉత్తమం. విప్పకుండా చేస్తే ట్యాప్‌కు గ్రీజు దట్టంగా పూసి, తర్వాత అర లీటరు కొత్త ఆయిల్ పోసి రంధ్రంలోంచి వదిలేస్తారు.

టెఫ్లాన్ టేప్ చుట్టడం, ఎపాక్సీ ముద్ద పెట్టడం, రబ్బరు ప్లగ్ దూర్చడం ఇల్లు చేరేవరకే పనికొస్తాయి. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర తిరిగే ఆయిల్‌లో టేప్ పీలికలు, ముద్ద పెచ్చులు ఊడి జాలీకి అడ్డుపడతాయి. ఏ పద్ధతిలోనైనా కారు కిందికి దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు. స్టాండ్లు, చక్రాలకు అడ్డుదిమ్మలు తప్పనిసరి.

అన్నవరం పరిసరాల్లో

కాకినాడ జిల్లా అన్నవరం 16వ నంబరు జాతీయ రహదారి మీద, తునికి సమీపంలో ఉంది. రత్నగిరి మీది సత్యనారాయణ స్వామి దర్శనానికి, వాహన పూజలకు ఉభయ గోదావరి జిల్లాల నుంచి, విశాఖ వైపు నుంచి కార్లు వస్తాయి. కుటుంబమంతా ఎక్కిన పాత కారు కొండకు వెళ్లే ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చాంబర్‌లోని ఆయిల్ ఒక వైపుకు ఒరుగుతుంది. బోల్టు కారి మట్టం తగ్గి ఉంటే పంపు గాలి పీలుస్తుంది, ఎర్రని ఆయిల్ దీపం మెరుస్తుంది. దీపం వెలిగిన వెంటనే ఇంజన్ ఆపాలి. నడుపుతూ పోతే బేరింగులు పట్టేస్తాయి. ఆపై ఖర్చు చాంబర్ ధరను దాటిపోతుంది. కొండ ఎక్కేముందు సమతలం మీద డిప్‌స్టిక్ చూసుకోవడం, కారు ఆగిన చోట నేల మీద చుక్కలున్నాయేమో గమనించడం తేలికైన జాగ్రత్తలు.

బోల్టు, వాషర్ మార్చడం రహదారి పక్క షెడ్డులో అయిపోతుంది. బుష్ తీయించడానికి లేత్ వర్క్‌షాపులున్న తుని, కాకినాడ, రాజమహేంద్రవరం వంటి పట్టణాలకు వెళ్లాలి. 1983లో మొదలై 2014లో తయారీ ఆగిన మారుతి 800 లాంటి కార్ల పాత చాంబర్లకు విజయవాడ జవహర్ ఆటోనగర్ వంటి విడిభాగాల మార్కెట్లు ఆధారం.

నివారణ, వాడిన ఆయిల్

ప్రతి ఆయిల్ మార్పిడికీ కొత్త వాషర్ వేయడం, బోల్టును, రంధ్రం అంచును గుడ్డతో తుడవడం, వేళ్లతో ఆగేదాకా తిప్పాక టార్క్ పానాతో నిర్ణీత బిగింపు ఇవ్వడం నివారణకు సరిపోతాయి. బిగించాక ఆయిల్ కారితే మళ్లీ పట్టు వేయకుండా విప్పి వాషర్ చూడాలి.

దించిన ఆయిల్ భారత చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు దీనికి వర్తిస్తాయి. వాడిన ఆయిల్‌ను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీద పెట్టిన సవరణ 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మురుగుకాల్వలోనో, పొలం గట్టు మీదో పారబోసిన ఆయిల్ వానకు కొట్టుకుపోయి పంట కాలువల్లో కలుస్తుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, అనుమతి ఉన్న సేకరణదారుకు ఇచ్చే సర్వీస్ సెంటర్‌లో అప్పగించడం సరైన పద్ధతి.