గుర్రపువాతమునకు ముందు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో ఎందరో స్త్రీలు ఇంటివద్ద కూర్చుండి బీడీలు చుట్టుదురు. వారిలో ఒక చూలాలి పాదములు వాచినచో, గంటలకొద్ది కూర్చున్నందున నీరు దిగినదని ఇంటివారు సరిపెట్టుకొనుట సహజమే. తరచుగా అది నిజము కూడ. కాని ఒక్కొక్కప్పుడు ఆ వాపు వెనుక రక్తపుపోటు దాగియుండును. అది ముదిరి మూర్ఛలు వచ్చినచో తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము.

ఈ మూర్ఛలకు తెలుగునాట గుర్రపువాతమని పేరు. వైద్యులు వాడు 'ఎక్లాంప్సియా' అను పదము మెరుపును సూచించు గ్రీకుమాట నుండి పుట్టినది. రెండు పేర్లును కంటికి కనబడిన దానినిబట్టి పెట్టినవే. మెరుపునకు ముందు పట్టిన మబ్బు వానిలో లేదు.

ఆ మబ్బును మొదట చూపినది మూత్రపరీక్ష. 1843లో లండనులోని గైస్ ఆసుపత్రి వైద్యుడు జాన్ లీవర్, మూర్ఛలు వచ్చిన స్త్రీల మూత్రములో అల్బుమిన్ అను మాంసకృత్తును కనుగొనెను. అది వేడికి గడ్డకట్టును. తెల్లసొనను నీట కలిపి కాచి చూచిన విద్యార్థికి ఇది కొత్త కాదు. 1896లో ఇటలీ వైద్యుడు రివా రొచ్చి, భుజమునకు పట్టీ చుట్టి పాదరసముతో రక్తపుపోటును కొలుచు సాధనమును నిర్మించెను. మరుసటి యేడే ఫ్రాన్సులో వాకేజ్, నోబెకూర్ అను వైద్యులు ఈ మూర్ఛలలో పోటు హెచ్చుగా నుండునని ప్రకటించిరి. మూర్ఛకు ఎన్నో దినములు ముందే వ్యాధి మొదలగుట సాధారణమని క్రమముగా తేలినది.

దీనికి మూలము మావిలో నున్నది. మావి గర్భాశయపు రక్తనాళములలో సరిగా నాటుకొననిచో, దాని నుండి వెలువడు పదార్థములు తల్లి రక్తనాళముల లోపలి పొరను చెరచును.

ఎవరికి తప్పక వచ్చునో చెప్పజాలము; ఎవరికి వచ్చు అవకాశము హెచ్చో చెప్పవచ్చును. వెనుకటి కాన్పులో వచ్చియుండుట గట్టి హెచ్చరిక. తొలిచూలు, కవలలు, స్థూలకాయము, మధుమేహము, మూత్రపిండ వ్యాధి, గర్భమునకు ముందే యున్న పోటు, నలుబదేండ్లు దాటిన వయస్సు, తల్లికో తోబుట్టువుకో వచ్చియుండుట కూడ లెక్కకు వచ్చును. వీనిలో పెక్కు సంగతులు ఏ సాధనమును లేకయే, అడిగినంతనే తెలియును.

ఆహారపు కథ విచిత్రమైనది. గ్వాటిమాలాలో బీదరికము ఉన్నను ఈ వ్యాధి అరుదుగా నుండుటను గమనించి, అచ్చటివారు మొక్కజొన్నను సున్నపునీట నానవేసి తినుటయే కారణము కావచ్చునని 1980లో బెలిజాన్, విలార్ అను పరిశోధకులు ఊహించిరి. కాల్షియం తక్కువగా తినువారికి దానిని ఇచ్చినచో ప్రమాదము తగ్గునని తరువాతి పరీక్షలు చూపినవి. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం కలదు. బియ్యములో పది ప్రాంతము మాత్రమే. ఉప్పు మానిపించుట వలన మాత్రము ఈ వ్యాధి ఆగదు. ప్రమాదము హెచ్చుగా నున్నవారికి ఇరువదవ వారము లోపుననే కొద్దిపాటి ఆస్పిరిన్ మొదలిడుమని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించెను. అది వైద్యుడు చెప్పి ఇవ్వవలసినది.

మూర్ఛ వచ్చిన పిదప వాడు మందు మన భేదియుప్పే, అనగా మెగ్నీషియం సల్ఫేట్. భారతదేశముతో సహా పలు దేశములలో జరిగి 1995లో వెలువడిన పరిశోధన, ఇతర మందులకంటె ఇదియే మేలని నిరూపించినది. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. పల్లెలో మూర్ఛ వచ్చిన స్త్రీని పెద్ద ఆసుపత్రికి తరలించుటకు ముందే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఈ మందు తొలి మోతాదును సూదిద్వారా ఇచ్చి పంపవలెను.