పారాషూటు త్రాటి కంకణము

చేతి కంకణముగా నల్లుకొను ఒక త్రాటి చరిత్రను మనవి చేసెదను.

అమెరికా సైనికుల పారాషూటులకు మొదట పట్టు వాడెడివారు. అది చాలవరకు జపానునుండి వచ్చెడిది. 1941లో ఆ రాక నిలిచిపోగా, 1935లో కరోథర్సు అను శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో పుట్టిన నైలాను ఆ స్థానము నాక్రమించెను. నేలకు దిగిన సైనికులు ఆ త్రాళ్లను కోసికొని సామానులు కట్టుకొనిరి.

ఇట్టి త్రాటిలో ఏడు మొదలు తొమ్మిది లోపోగులు, పైన అల్లిక తొడుగు నుండును. 550 పౌనుల బరువు నోర్చును. ఆపదలో కంకణము విప్పినచో రెండుమూడు గజముల త్రాడు చేతికి వచ్చును. లోపోగు తీసి తెగిన చెప్పు కుట్టవచ్చును, గాలము కట్టవచ్చును. ఐనను మనుష్యుని వ్రేలాడదీయుటకు దీనిని నమ్మరాదు. పడువాని యూపు వాని బరువునకు అనేకరెట్లు.

కావున త్వరగా విప్పుటకు వీలగు ముడినే వేయవలెనని నా మనవి. విప్పరాని కంకణము వట్టి సొమ్మే.