హద్దురాళ్ళ నడుమ ద్రాక్షతోటలు



హద్దురాయి అంటే ఏమిటో మన సరిహద్దు పల్లెల వారికి వేరే చెప్పనక్కరలేదు. ఒక రాయికి ఈ పక్కన కన్నడ బడి, ఆ పక్కన తెలుగు బడి. ఒకే చేను, ఒకే వాన, ఒకే చుట్టరికం. అయినా రాయికి ఇటు ఉన్నవాడికి ఒక రేషను కార్డు, అటు ఉన్నవాడికి మరొకటి. ఇవాళ నేను చెప్పబోయే హద్దురాళ్ళు మాత్రం మన దేశానివి కావు. ఎక్కడో ఐరోపా ఖండపు పడమటి అంచున, పోర్చుగల్ దేశంలో, డౌరో అనే నది లోయలో నాటినవి. ద్రాక్షతోటలకు నాటిన రాళ్ళు.

నేను సోషల్ చెప్పే పంతులును. 1498లో వాస్కో డ గామా కోళిక్కోడు రేవులో దిగాడని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతున్నాను. ఆ వచ్చినవాళ్ళ ఊరు ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక ఉండేది. మా లెక్కల మాస్టారి తమ్ముడు పోర్టో నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. నలుగురు పంతుళ్ళం కలిసి మూడేళ్ళు చీటీ కట్టి, 2024 దసరా సెలవుల్లో బయలుదేరాము. సంచుల్లో చట్నీపొడి, మామిడికాయ ఊరగాయ మరచిపోలేదు. మేము వెళ్ళేసరికి అక్కడ ద్రాక్షకోత చివరి రోజుల్లో ఉంది.

ఒక మాట ముందుగా మనవి చేసుకుంటాను. ద్రాక్షతోట అంటే అక్కడ వైన్ తోటే. తాగమని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. ఆ పీపాల వెనక ఉన్న చెమట గురించి, దానికి ఎవరు ఎలా ధర కట్టారన్న దాని గురించి మాత్రమే నా ప్రసంగం.

పోర్టోలో రైలెక్కి తూర్పుగా వెళ్ళాము. కుడివైపు కూర్చోండి, నది అటే వస్తుందని తమ్ముడు ముందే చెప్పాడు. కొంతదూరం పోయాక నది నిజంగానే కిటికీ కిందికి వచ్చింది. ఆ రైలుమార్గం 1879లో రేగ్వా ఊరికీ, 1880లో పిన్యావ్ ఊరికీ చేరింది. అక్కడి నుంచి కొండలు చూడాలి. నది అంచు నుంచి శిఖరం దాకా మెట్లు మెట్లుగా చెక్కినట్టు రాతిగోడలు, ప్రతి గోడ మీద రెండు మూడు వరుసల ద్రాక్షతీగలు. మన చిక్కబళ్ళాపురం వైపు ద్రాక్షను రాతి కూసాలు నాటి, తీగలు లాగి, పందిరి మీదికి ఎక్కిస్తారు కదా. అక్కడ పందిరి లేదు. తీగ నడుము ఎత్తున నిలబడి ఉంటుంది. కోసేవాడు రోజంతా వంగే ఉండాలి.

ఇంకో విశేషం, అక్కడ మన్ను దాదాపు లేదు. షిస్టు అనే పలకరాయి. దాన్ని గడ్డపారలతో పగలగొట్టి, పొడిచేసి, ఆ రాళ్ళతోనే గోడ కట్టి, వెనక ఆ పొడిని నింపితే అదే చేను అయింది. సున్నం లేదు, సిమెంటు లేదు, ఉత్త రాయి మీద రాయి. పలకరాయి నిలువుగా పగులుతుంది గనుక తీగ వేరు ఆ సందుల్లోకి దిగి నీరు వెతుక్కుంటుంది. ఎండాకాలంలో అక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది. తొమ్మిది నెలల చలి, మూడు నెలల నరకం అని అక్కడివాళ్ళే తమ లోయ గురించి చెప్పుకుంటారు.

ఇక చరిత్రకు వద్దాము. 1703లో ఇంగ్లండుకూ పోర్చుగల్‌కూ ఒక ఒడంబడిక కుదిరింది. కుదిర్చిన ఇంగ్లీషు రాయబారి పేరు మీద దాన్ని మెథ్యూన్ ఒడంబడిక అంటారు. ఇంగ్లండు ఉన్నిబట్టను పోర్చుగల్ రానివ్వాలి, పోర్చుగల్ వైన్ మీద ఇంగ్లండు ఫ్రెంచి వైన్ మీద కన్న మూడోవంతు తక్కువ సుంకం వేయాలి. ఫ్రాన్సుతో ఇంగ్లండుకు పడని రోజులు అవి. దాంతో డౌరో వైన్‌కు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఓడలో దూరం పోయినా చెడిపోకుండా అందులో ద్రాక్ష నుంచి తీసిన బ్రాందీ కలిపేవారు. అదే పోర్ట్ వైన్.

గిరాకీ పెరిగినచోట కల్తీ కూడా పెరుగుతుంది. మన పాలవ్యాపారం చూసినవారికి ఇది కొత్త కాదు. పలచని వైన్‌కు రంగు రావడానికి ఎల్డర్ అనే చెట్టు పండ్ల రసం కలిపారు, చక్కెర కలిపారు. ఎక్కడెక్కడి వైనో తెచ్చి డౌరో పేరు పెట్టారు. పేరు చెడింది, ధర పడింది. 1750ల నాటికి కొండమీద గోడ కట్టిన రైతు దివాలా స్థితికి వచ్చాడు.

అప్పుడు పోర్చుగల్‌ను నడిపిస్తున్న మంత్రి సెబాస్తియావ్ జొసే ద కర్వాల్యు. తరువాత పొంబాల్ మార్క్విస్‌గా పేరుపొందినవాడు. 1755 నవంబరు 1న లిస్బన్ నగరం భూకంపంలో కూలితే తిరిగి నిలబెట్టిన మనిషి. ఆయన 1756 సెప్టెంబరు 10న ఒక కంపెనీ పెట్టించి, డౌరో వైన్ వ్యవహారమంతా దాని చేతికి ఇచ్చాడు. మంచి వైన్ పండే నేల ఎంతవరకు అన్నది కొలిపించి, 1758 నుంచి 1761 దాకా మొత్తం 335 నల్లచేవ రాళ్ళు, అనగా గ్రానైటు కంబాలు, నాటించాడు. వాటి మీద 'ఫెయితోరియా' అన్న మాట, సంవత్సరం చెక్కించాడు. రాళ్ళ లోపల పండినదే ఇంగ్లండుకు ఎగుమతి, దానికి మంచి ధర. బయట పండినది ఊళ్ళో తాగడానికి, దానికి తక్కువ ధర. లోయలోని ఎల్డర్ చెట్లను వేళ్ళతో సహా పెరికివేయించాడు.

ఇంతకుముందు ఇటలీలో కియాంటి ప్రాంతానికి 1716లో ఇలాంటి హద్దు చెప్పారు. అయితే నేలను తరగతులుగా విభజించి, ధర నిర్ణయించి, సరుకు పరీక్షించే పూర్తి ఏర్పాటు డౌరోలోనే వచ్చిందని అంటారు. ఈ రోజు మనం ఫలానా ఊరి మామిడి, ఫలానా ఊరి చీర అని ప్రభుత్వ గుర్తింపు తీసుకుంటున్నామే, ఆ ఆలోచనకు ఇది ముత్తాత. మన బెంగళూరు బ్లూ ద్రాక్షకు కూడా అలాంటి గుర్తింపు వచ్చింది.

కాని శ్రోతలారా, హద్దురాయి అందరికీ మేలు చేయదు. కంపెనీకి పోర్టో నగరపు వైన్ అంగళ్ళ మీద కూడా గుత్త అధికారం ఇచ్చారు. చిన్న అంగడివాళ్ళ కూడు పోయింది. 1757 ఫిబ్రవరిలో వాళ్ళు తిరగబడ్డారు. పొంబాల్ సైన్యాన్ని పంపి అణచి, పలువురిని ఉరితీయించాడు. కల్తీని ఆపిన చెయ్యే ఈ పని కూడా చేసింది. నేను పిల్లలకు ఈ రెండూ కలిపే చెబుతాను. ఒకటి చెప్పి ఒకటి దాస్తే అది చరిత్ర కాదు.

వైన్ కొండ మీది నుంచి సముద్రతీరానికి చేరడం మరో కథ. ఒక పీపా అయిదువందల యాభై లీటర్లు. రబేలు అనే చదునైన పడవల్లో పీపాలు పేర్చి, సుడుల మీదుగా నదిలో దింపి, పోర్టోకు ఎదురుగా ఉన్న గాయా ఊరి గిడ్డంగులకు చేర్చేవారు. వలేయిరా అనే చోట నది కొండల మధ్య ఇరుక్కుని ఉరికేది. 1861 మే నెలలో అక్కడ పడవ తిరగబడి, ఆ నదికి గొప్ప పటం గీసిన ఇంగ్లీషు వ్యాపారి ఫారెస్టర్ మునిగిపోయాడు. నడుముకు కట్టుకున్న డబ్బు బరువే ఆయనను ముంచిందని అంటారు. అదే పడవలో ఉన్న దోన అంటోనియా ఫెరెయిరా అనే తోటల యజమానురాలిని ఆమె గుడారంలాంటి పావడా తేల్చి బతికించిందని కూడా చెప్పుకుంటారు. ఇరవయ్యో శతాబ్దంలో నదికి ఆనకట్టలు వచ్చాయి, సుడులు మునిగిపోయాయి. సరుకు పడవలు 1960లలో ఆగిపోయాయి. ఇప్పుడు అవి చూపుకు మాత్రమే.

ఆ దోన అంటోనియా కాలంలోనే పెద్ద ఆపద వచ్చింది. అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా అనే పేనంత పురుగు ద్రాక్ష వేళ్ళను తినేసింది. 1860ల నుంచి డౌరో తోటలు ఎండిపోయాయి. చివరికి మందు కూడా అమెరికాలోనే దొరికింది. ఆ పురుగును తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరు మీద ఐరోపా ద్రాక్షకొమ్మను అంటుకట్టారు. మన రైతులు ఉప్పునీటినీ కరువునూ తట్టుకోవడానికి డాగ్‌రిడ్జ్ వేరు మీద అంటుకడుతున్నారు కదా, అదీ అమెరికా వేరే. చాలామంది చిన్న రైతులు మాత్రం అంటు దాకా రాలేకపోయారు. వాళ్ళు వదిలిపోయిన గోడలు ముళ్ళపొదల మధ్య ఇప్పటికీ కనబడతాయి. వాటిని అక్కడివాళ్ళు మొర్టోరియు అంటారు, అనగా చచ్చిన చేలు.

మేము పిన్యావ్ దగ్గర ఒక చిన్న తోటకు వెళ్ళాము. కోత జరుగుతోంది. పాతరోజుల్లో పైకొండల పల్లెల నుంచి ఆడా మగా గుంపులుగా, ఒక పెద్ద వెంట, డోలు వాయించుకుంటూ కోతకు దిగేవారట. ఆడవాళ్ళు కోసేవారు, మగవాళ్ళు యాభై అరవై కిలోల గంప వీపున మోసి కొండ దించేవారు. సాయంత్రం రాతితొట్టిలో మోకాలి లోతు ద్రాక్షలో దిగి, భుజం భుజం పట్టుకుని వరుసగా, ఒకటి రెండు అంటూ గంటలకొద్దీ తొక్కేవారు. ఆ తరువాతే పాట, ఆట. కొన్ని తోటల్లో ఇప్పటికీ కాళ్ళతో తొక్కుతారు. మనిషి పాదానికి గింజ చితకదు, అందువల్ల వగరు దిగదు.

మేము చూసిన గుంపులో ఒక తలపాగా కనబడింది. మా కన్నడ పంతులు ఆగలేక, "ఏ ఊరు భయ్యా?" అని హిందీలో అడిగేశాడు. పంజాబు అన్నాడు ఆయన. ఈమధ్య సంవత్సరాల్లో మన దేశం నుంచి, నేపాల్ నుంచి ఎందరో అక్కడికి కోతకు వస్తున్నారు. ఆయనకు అది మూడో కోత. "ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు చదువుతున్నారు సార్" అన్నాడు. మా ఊరగాయ సీసా ఆయనకు ఇచ్చేసి వచ్చాము.

పక్కన ఒక ముసలాయన పడిపోయిన గోడను మళ్ళీ కడుతున్నాడు. రాయిని చేతిలో తిప్పి చూసి, ఒక్క దెబ్బ కొట్టి, అమర్చి, సందులో చిల్లపెంకు దూర్చుతున్నాడు. తోటవాళ్ళు ఆయనను "మెస్త్ర్" అని పిలిచారు. నేను అక్కడే నిలబడిపోయాను. అది మన మేస్త్రి! మేస్త్రి, ఇస్త్రీ, అనాస, పాదిరి ఇవన్నీ పోర్చుగీసువాళ్ళతో మనకు వచ్చిన మాటలేనని క్లాసులో చెప్పేవాడినే. మా తాత బావులకు రాతికట్టు కట్టే వడ్డె మేస్త్రి. రాయి వెంట, పని వెంట, ఊరూరా తిరిగి కోలారు సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. ఆయనా రాయిని ఇలాగే తిప్పి చూసేవాడు. ఆయన కట్టిన బావులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి మీద తవ్వించిన రెడ్డిగారి పేరు ఉంది, తాత పేరు లేదు.

డౌరో గోడల కథ కూడా అంతే. వాటిని కట్టినవారిలో చాలామంది సరిహద్దు దాటి స్పెయిన్‌లోని గలీసియా నుంచి వచ్చిన కూలీలు. సీసాల మీద వ్యాపారుల ఇంటిపేర్లు ఉన్నాయి. గోడ కట్టినవాడి పేరు ఎక్కడా లేదు. 2001లో యునెస్కో ఆ లోయను ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది. ఆ వారసత్వం అంటే ముఖ్యంగా ఈ గోడలే.

మరి రైతు మాట? 1926 నుంచి 1986 దాకా పోర్ట్ వైన్ గాయా గిడ్డంగుల నుంచే ఎగుమతి కావాలని చట్టం ఉండేది. కొండ మీది చిన్న రైతు నేరుగా అమ్ముకోలేకపోయాడు. ఆ చట్టం పోయింది గాని, ఏటా ఎన్ని పీపాల పోర్ట్ వైన్ చేయవచ్చో ఇప్పటికీ పైనుంచే నిర్ణయిస్తారు. ప్రతి చేనుకూ మార్కులు వేసి, తరగతి కట్టి, వాటా పంచుతారు. 2023లో అది 1,04,000 పీపాలు. 2024లో 90,000కు తగ్గించారు. వాటాకు మించిన ద్రాక్షకు వచ్చే ధర చాలా తక్కువ. మేము వెళ్ళిన తోట రైతు ఒక మడి కోయకుండా వదిలేశాడు. కోత కూలి కూడా రాదన్నాడు. టమాటాను రోడ్డు పక్కన పారబోసిన మన రైతు ముఖమే నాకు కనబడింది.

రెండువందల అరవై ఏళ్ళ కిందట రైతును కాపాడటానికని నాటిన రాయి, ఇవాళ రైతును కాపాడుతోందా? లోయలోనే ఈ ప్రశ్న మీద వాదం నడుస్తోంది. నాకు తోచింది ఒక్కటే. హద్దు గీసేవాడు ఎవరు, గీసేటప్పుడు ఎవరిని అడిగాడు అన్నదాని మీదే దాని మంచిచెడ్డలు ఉంటాయి.

తిరిగి వచ్చాక పిల్లలకు ఒక పని ఇచ్చాను. మీ ఊళ్ళో పాత బావి, చెరువు తూము, కట్ట, ఏదైనా సరే, కట్టిన మేస్త్రి ఎవరో పెద్దలను అడిగి రాసుకురండి అన్నాను. మొదటి వారం పదకొండు పేర్లు వచ్చాయి. అందులో మా తాత పేరు కూడా ఉంది. రాసుకొచ్చిన పిల్లకు ఆయన నాకు తాత అని తెలియదు.

మీ ఊళ్ళో కూడా ఒకసారి అడిగి చూడండి. చెప్పగలిగే పెద్దలు ఉండగానే అడగండి.