భూనాగము - మెదడులోని రక్తపు గడ్డ

తిరువళ్ళూరు వీరరాఘవస్వామికి వైద్య వీరరాఘవుడని ప్రసిద్ధి. నూట యెనిమిది దివ్యదేశములలో నొకటియైన ఈ క్షేత్రమునకు అమావాస్యనాడు వచ్చు భక్తులు హృత్తాపనాశిని యను పుష్కరిణిలో బెల్లము వేయుదురు. బెల్లము నీట కరగినట్లు తమ వ్యాధియు కరగిపోవునని వారి విశ్వాసము. వైద్యశాస్త్రము ముందును ఇట్టి ప్రశ్న యొకటి చిరకాలము నిలిచినది: మెదడు నాళమున అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించుట యెట్లు? దానికి వెదకిన ఉపాయములలో నొకటి వానపామునుండి లభించినది.

ఈ ప్రాణికి ఈ ప్రాంతమున పేర్లు పెక్కు కలవు. 1960 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరిన తిరుత్తణి సీమలో తెలుగు, తమిళములు రెండును వినవచ్చును. తెలుగువారు వానపాము, ఎర్ర యనుదానిని తమిళులు మణ్‌పుళు అందురు. వైద్యమున మాత్రము ఉభయులకు నొకటే పేరు. సంస్కృతమున భూనాగము, సిద్ధవైద్యమున అదియే పూనాగము. రసరత్నసముచ్చయము భూనాగసత్త్వమును పేర్కొనినది. అయితే అచ్చటి దృష్టి లోహసత్త్వముపైనే కాని మెదడు నాళములపై కాదు. పేరు ప్రాచీనమైనంతమాత్రమున నేటి ప్రయోజనమును ప్రాచీనులకు ఆపాదింపరాదు.

చైనాలో వానపాము పేరు దీలోంగ్. నేలలోని డ్రాగను అని అర్థము. ఇది మన భూనాగమునకు తోబుట్టువు వంటి పదము. 1830లో వాంగ్ చింగ్‌రెన్ ప్రకటించిన గ్రంథమున పక్షవాతమునకు చెప్పిన కషాయములో వానపాము ఒక దినుసు.

1980 దశకమున జపానులోని మియజాకి వైద్యకళాశాలలో హిసాషి మిహారా బృందము లుంబ్రికస్ రుబెల్లస్ అను వానపామునుండి ఫైబ్రిన్‌ను కరిగించు ఎంజైములను వేరుపరచెను. వాటి వివరములు 1991లో ప్రకటితమయ్యెను. రక్తకణములను వలవలె బిగించి గడ్డగా నిలుపు పోగులే ఫైబ్రిన్. ఆ వలను తెంచు ఎంజైముల సముదాయమునకు లుంబ్రోకైనేజ్ అని పేరు. చైనాలో ఇది నోటిద్వారా ఇచ్చు ఔషధముగా వాడుకలో నున్నది. అయినను దీని ఫలితమును నిర్ధారించు పెద్ద పరీక్షలు ఇంకను చాలినన్ని జరుగలేదు.

పక్షవాతము వచ్చిన తొలి గడియలలో ఈ గుళికపై ఆధారపడరాదు. గడ్డను కరిగించుటకు నరముద్వారా ఇచ్చు ఆల్టిప్లేజ్ మూడు గంటలలోపు మేలుచేయునని 1995లో ప్రకటితమైన అమెరికా పరీక్ష చూపెను. 2008 నాటి ఐరోపా పరీక్ష ఆ గడువును నాలుగున్నర గంటలకు పెంచెను. అదియును స్కానుతీసి మెదడులో రక్తస్రావము లేదని తెలిసికొనిన పిమ్మటనే. రక్తమును పలుచన చేయు మందులు వాడువారు వైద్యుని అడుగక లుంబ్రోకైనేజ్ పుచ్చుకొనిన రక్తస్రావ భయము కలదు.

కావున మూతి వంకరపోయినను, చేయి పట్టుతప్పినను, మాట తడబడినను, తిరుత్తణి వారైనను తిరువళ్ళూరు వారైనను ముందు స్కాను సౌకర్యముగల ఆసుపత్రికి చేరవలెను. వైద్య వీరరాఘవుని మ్రొక్కు తరువాత తీర్చుకొనవచ్చును.